తాళంలో ఇత్తడి రజను

వంటింటి బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి ఆమె మెడలోనే ఉంది. లోపల రొట్టె మాత్రం సగానికి సగం లేదు. పోయిన వారం మనం తాళాలమ్మని వదిలిపెట్టింది అక్కడే.

తాళాలమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. తాళంచెవులు కోసే ఆ చిన్న కొట్టు మామగారిది. ఆయన పోయాక ఆకురాయి ఈవిడ చేతికొచ్చింది. కొట్టు వెనకే ఇల్లు. ఒక్కతే కూతురు, ఆరేళ్లది. పుట్టగానే చూసి నానమ్మ ముద్దుగా "బంతి" అంది, అదే పేరైపోయింది. ఇప్పుడు బడిలో పిల్లలు ఆ ముద్దుపేరుతోనే దాన్ని ఏడిపిస్తున్నారు. ఏడాది నిండకముందే మొదలైన బరువు, గిన్నె నాకేసినా తీరని ఆకలి. లారీ తోలే భర్త పోయినసారి బండెక్కుతూ ఖచ్చితంగా చెప్పి వెళ్లాడు: "నేను తిరిగొచ్చేలోపు ఆ బీరువాలోంచి ఒక్క ముక్క పోకూడదు. పోయిందా, హాస్టలే!"

కొండ అవతల ఉందా హాస్టల్. లావు పిల్లల్ని ఏడాదిపాటు ఉంచుకుని, పరిగెత్తించి, పస్తులు పెట్టి, పుల్లల్లా చేసి పంపుతారని తోటి డ్రైవరెవరో చెప్పాడట. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలన్న దాని మీద కూడా తీర్పు చెప్పే అత్తగారు, హాస్టల్ మాట వచ్చినప్పుడు మాత్రం నోరు మెదపలేదు. మౌనం అంగీకారం అనుకున్నారు అందరూ.

భర్త వచ్చేది ఈ సాయంత్రమే.

తాళాలమ్మ ఏడవలేదు. బీరువా తాళాన్ని ఊడదీసి, చెంగున మూటకట్టుకుని, కొట్టులోకి తీసుకెళ్లింది.

ఆమెకి తెలియాల్సింది ఒక్కటే: బంతి దీన్ని ఎలా తీసింది? "తాళాలమ్మ కూతురికి తాళం ఒక లెక్కా" అని వీధి నవ్వుతూనే ఉంది. బల్ల కింద కూర్చుని తీగముక్కలు వంచి ఆడుకునే పిల్ల. నిజం చెప్పాలంటే కన్నతల్లికీ ఆ అనుమానమే. అందుకే ఈసారి తీగకి లొంగని తాళం చూసి మరీ బిగించింది. చెవి ఒక్కటే ఉంచింది, అదీ ఉక్కుది.

తాళం గుండె విప్పి, లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటిగా గుడ్డ మీద పరిచింది. భూతద్దం కంటికి పెట్టుకుని చూసింది. తీగ పెట్టి తిప్పితే పిన్నుల కొసల మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. ఎంత ఆరితేరిన దొంగైనా ఆ గీతలు పడకుండా తియ్యలేడు.

ఒక్క గీత లేదు.

ఆమె భుజాలు కొద్దిగా దిగాయి. తరవాత ఖాళీ తాళాన్ని తెల్లకాగితం మీద బోర్లించి, గోటితో తట్టింది. నల్లటి నూనె మడ్డితో పాటు కొద్దిగా పొడి రాలింది. దీపం దగ్గరికి లాగి చూసింది.

పసుప్పచ్చగా మెరుస్తోంది. ఇత్తడి రజను.

కొత్తగా కోసిన తాళంచెవికి పళ్ల అంచున గరుకు ఉంటుంది. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. పనివాడు బ్రష్షుతో రుద్ది ఆ గరుకు తీశాకే గిరాకీ చేతిలో పెడతాడు. తియ్యకుండా వాడితే పెట్టినప్పుడల్లా తాళంలో ఇలా రజను రాలుస్తూ ఉంటుంది. అంటే ఎవరో ఈ తాళానికి ఇత్తడితో మారుచెవి కోశారు. కోయడం చూసి నేర్చుకున్నారు. గరుకు తియ్యడం మాత్రం నేర్చుకోలేదు.

తను స్నానానికి వెళ్లేటప్పుడు మెడలోని చెవి తీసి మేకుకి తగిలిస్తుంది. కోత మిషను ఆ గోడకి ఇవతలే ఉంది. బంతికి మిషను మీట అందదు.

ఇంట్లో ఇంకెవరున్నారు?

పొద్దున డాక్టరమ్మ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

పిల్లల డాక్టరమ్మ మాటకారి. బంతి రక్తపరీక్ష కాగితాలు చేతిలో ఉన్నా వాటి వంక చూడకుండానే మొదలుపెట్టింది. "మీరు తాళాలు బాగుచేస్తారు కదా? అయితే నా పని సులువు. ఒంట్లో సరుకు చాలినంత ఉంటే, 'ఇంక చాలు' అని మెదడుకి కబురు వెళ్తుంది. ఆ కబురు తాళంచెవి లాంటిది. అది తాళంలో తిరిగితే ఆకలి గది మూసుకుంటుంది. మీ పాప ఒంట్లో చెవులు బోలెడున్నాయి. తాళంలోనే ఒక పిన్ను వంకర."

"ఎవరు వంచారండీ?" అంది తాళాలమ్మ. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి అందరూ చెప్పిన జవాబు ఒకటే: తల్లి. పాలు ఎక్కువ పట్టావు, గారాబం చేశావు, బిస్కెట్లు అలవాటు చేశావు.

"ఎవరూ వంచలేదు. అచ్చులోనే అలా వచ్చింది. పుట్టుకతో వచ్చిన జన్యువులో ఒక్క అక్షరం తేడా. చాలామంది పిల్లల లావుకి ఇలా ఒకే కారణం దొరకదు. తిండి, నిద్ర, ఆట, వంశం అన్నీ కలిసి వస్తాయి. మీ పాపది ఆ కొద్దిమంది లెక్క."

తాళాలమ్మ బంతిని దగ్గరికి లాక్కుంది. "మరి బాగవుతుందా?"

"పిన్ను మార్చడం నా చేతిలో లేదు. ఆకలితో కాపరం చెయ్యడం నేర్పగలను. కొలిచి పెట్టే తిండి, వేళకి నిద్ర, ఒళ్లు అలిసే ఆట. ముందుముందు అవసరమైతే మందు సంగతి చూద్దాం. పస్తులు, తిట్లు మాత్రం వద్దు. ఆకలేసిన పిల్లని దొంగ అంటే ఆకలి పోదు, సిగ్గు కూడా తోడవుతుంది." డాక్టరమ్మ బంతి జడ పక్కకి తీసి మెడ చూసింది. "ఇదేమిటి, ఇంత ఎర్రగా గీరుకుపోయింది?"

"మా అత్తయ్య రోజూ పీచుతో రుద్దుతారండీ. నల్లగా మట్టి పేరుకుంటోందని."

"మట్టి కాదమ్మా అది! రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చెప్పే కబురు. షుగర్ దాకా పోకముందే ఒళ్లు తలుపు తడుతోంది. రుద్దడం ఆపమనండి." కాగితాలు మడుస్తూ అడిగింది. "ఈ తేడా సాధారణంగా అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది. మీ ఇళ్లలో చిన్నప్పట్నుంచీ తీరని ఆకలి ఎవరికైనా ఉందా?"

"మా వైపు ఎవరూ లేరండీ. మావారు బాగానే తింటారు, బండి తోలేవాడు, తినాలిగా. ఇక మా అత్తయ్య అయితే గాలేస్తే ఎగిరిపోతారు."

"సన్నగా ఉన్నారా అని అడగలేదమ్మా నేను," అంది డాక్టరమ్మ. "ఇదే తేడా ఉన్నవాళ్లంతా ఒకేలా లావెక్కరు. ఆకలి ఉందా అని అడిగాను."

తాళాలమ్మ రజను రాలిన కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి ఇంట్లోకి నడిచింది.

*

వీధిలో అత్తగారి పేరు విజిల్ టీచర్. బడిలో ఆటలు నేర్పి రిటైరైంది. మెడలో నల్లతాడుకి స్టీలు విజిల్ ఇప్పటికీ వేలాడుతూనే ఉంటుంది. వెన్ను గడకర్ర. రోజుకి ఒక్క పూట భోజనం, మిగతా వేళల్లో గ్లాసుడు పాలు. ఎవరైనా మెచ్చుకుంటే "నోరు కట్టుకోవడం వస్తే లోకంలో అన్నీ వచ్చినట్టే" అంటుంది. ఆవిడకున్న చాదస్తం ఒక్కటే. తాళాల మీద బతికే ఇంట్లో వీధి తలుపుకి లోపల గడియ పెట్టనివ్వదు. "మనింట్లో దొంగ ఏం పట్టుకుపోతాడు, ఆకురాళ్లా?" అంటుంది. "తాళాలమ్మ ఇంటికి తాళం లేదు" అని దానికీ నవ్వుతుంది వీధి.

ఆవిడ వంటింట్లో బట్టలు మడతపెడుతోంది. మోకాళ్లు అరిగిపోయినా నిలబడే.

తాళాలమ్మ సగం రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, కాసేపు కూర్చోండి."

"కూర్చుంటే వేళ్లూనుకుంటాం. చెప్పు, వింటున్నా."

"డాక్టరమ్మ దీన్ని జన్యువు అంది."

"జన్యువూ లేదు గిన్యువూ లేదు. మా రోజుల్లో తిండిపోతుతనం అనేవాళ్లం. ఇప్పుడు దానికి ఇంగ్లీషు మందూ, ఫీజూ. ఆకలి ఎవరికుండదు? ఆపుకోవాలి. నన్ను చూడు."

"చూస్తూనే ఉన్నానత్తయ్యా. బీరువా తాళం విప్పి కూడా చూశాను."

మడతపడుతున్న దుప్పటి గాల్లో ఆగింది.

"ఏ తీగో పెట్టి తిప్పి ఉంటుందది," అంది అత్తగారు.

"తీగ పెడితే గీత పడుతుంది. గీత లేదు." తాళాలమ్మ కాగితం మడత విప్పి రొట్టె పక్కన పరిచింది. ఆమె గొంతు పెరగలేదు. గిరాకీకి తాళం జబ్బు చెప్పినట్టే చెప్పింది. "ఇది ఇత్తడి. నా చెవి ఉక్కుది. మారుచెవి కోసినవాళ్లు గరుకు తియ్యడం మరిచిపోయారు."

విజిల్ టీచర్ చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది. లోపల ఏదో టింగుమంది. ఈమధ్య ఆవిడ నడుస్తుంటే విజిల్ చప్పుడు చేస్తోందేమిటా అని తాళాలమ్మ అనుకుంది కూడా. ఒంటరి విజిల్ దేనికి తగిలి చప్పుడు చేస్తుంది?

అత్తగారు దుప్పటి పక్కన పెట్టింది. కుర్చీ లాక్కుంది. కాపరానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ వంటింట్లో ఆవిడ కూర్చోగా కోడలు చూడటం అదే మొదలు. మెడలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టింది. విజిల్ పక్కన పసుప్పచ్చ తాళంచెవి.

"మీ మామగారు రుద్దేవారు బ్రష్షుతో," అంది చివరికి. "మెరుపు కోసం అనుకున్నానే."

తాళాలమ్మకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. వస్తుందనుకున్న కోపం కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"ఒకటి అడుగుతా చెప్పు అమ్మాయ్. భోజనం అయ్యాక నీకు ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేమిటి? కడుపు నిండుతుంది."

"నిండటమంటే?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవాల్సి వస్తుందని తాళాలమ్మ ఎప్పుడూ అనుకోలేదు. "అంటే... ఇంక వద్దనిపిస్తుంది. ఎదురుగా పెట్టినా చెయ్యి వెళ్లదు."

"చెయ్యి వెళ్లదా?" ముసలావిడ ఆశ్చర్యం నటన కాదు. "నాకు అలా ఒక్కనాడూ అనిపించలేదే. అందరికీ ఇంతే ఉంటుంది, వీళ్లంతా ఆపుకోలేని చవటలు, నేనొక్కదాన్నే గట్టిదాన్ని అనుకున్నా. గ్రౌండులో పిల్లల్ని పరిగెత్తిస్తూ నేనూ పరిగెత్తేదాన్ని. పరిగెడుతున్నంతసేపూ ఆకలి వెనక పడేది. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. అందుకుంది." ఇత్తడి చెవిని వేలితో పక్కకి జరిపింది. "నువ్వు తాళం వేసింది దానికోసం. పడింది నాకు."

కోపం అప్పుడు వచ్చింది. "మీరు తిన్న ముక్కలకి అది తిట్లు తింది. దొంగ అన్నాం. నేనూ అన్నాను. మీ కళ్లముందే అన్నాను కదత్తయ్యా!"

"అన్నావు."

"మరి?"

"నోరు కట్టుకున్నా. నాకు వచ్చిన విద్య అదొక్కటేగా."

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. తాళాలమ్మ వెళ్లి గట్టిగా కట్టేసి వచ్చింది. చేతులకి ఏదో పని కావాలి.

"ఆయన రాగానే మీ నోటితో మీరే చెప్పాలి. రేపు డాక్టరమ్మ దగ్గర రక్తం ఇవ్వాలి. ఇది మీనుంచి ఆయనకీ, ఆయన్నుంచి బంతికీ వచ్చిందని తేలితే, దాన్ని ఎవరూ దొంగ అనరు. హాస్టల్ మాట కూడా ఎత్తరు."

"రక్తానికేం, బిందెడు తీసుకోమను. వాడికి చెప్పడం..." అత్తగారు రజనులో వేలు అద్ది చూసుకుంది. "ఒకటి మొదలుపెడితే ఒకటితో ఆగదమ్మాయ్. హాస్టల్ అని వాడు అన్నరోజే చెప్పాల్సింది. చెబితే వెనకటిదంతా తవ్వాలి."

"ఏమిటి వెనకటిది?"

జవాబు వచ్చేలోపు సందు మొదట్లో లారీ హారన్ మోగింది. సాయంత్రం వస్తానన్నవాడు ముందే దిగాడు.

*

బడి మీదుగా వచ్చినట్టున్నాడు, కూతుర్ని భుజాన ఎక్కించుకుని వచ్చాడు. "మోయలేకపోతున్నానే బంతీ, లారీయే నయం" అంటూ వంటింటి గడపలో దింపాడు. మొహంలో నవ్వు, బీరువాకి తాళం లేని కన్నం చూడగానే ఆగిపోయింది. చూపు అక్కణ్ణుంచి బల్ల మీద సగం రొట్టెకి దిగింది.

"పోయిందా?" అన్నాడు పెళ్లాంతో.

"పోయింది. కానీ..."

"కానీ లేదు గీనీ లేదు. బంతీ, ఇలా రా. ఎవరు తిన్నారు?"

అందరూ అత్తగారి వంక చూడాల్సిన క్షణం అది. చూసింది మాత్రం బంతి ఒక్కతే. నానమ్మ దించుకున్న తల చూసింది, బల్ల మీద ఇత్తడి చెవి చూసింది, మళ్లీ నానమ్మని చూసింది. దాగుడుమూతల్లో దాక్కున్నవాళ్లకి 'చెప్పన్లే' అన్నట్టుగా కళ్లు చిన్నగా ఆర్పింది.

"నేనే నాన్నా."

ఆ కళ్లార్పడం తాళాలమ్మ చూసింది. దీనికి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

"ఎలా తీశావే తాళం?"

"తీగతో."

"ఏ తీగతో?"

"పొడుగు తీగతో," అంది బంతి, చేతులు బారజాపి. తాళంలోకే కాదు, ఊరి చివరిదాకా పోయే తీగ అది.

తండ్రి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అలిసిపోయినవాడిలా గట్టిగా ఊపిరి వదిలి, అటక మీంచి చిన్న సూట్‌కేసు దింపి, దుమ్ము దులిపాడు. "బట్టలు సర్దు," అన్నాడు పెళ్లాంతో. "దానిమీద కోపం లేదే నాకు. దాని బాగు కోసమే."

"ముందు అత్తయ్య చెప్పేది వినండి," అంది తాళాలమ్మ.

విజిల్ మోగింది.

ఒక్కటే కూత, పొట్టిది. ఇరుకు వంటింట్లో గిన్నెలు కూడా ఉలిక్కిపడ్డాయి. ఆటలో తప్పు జరిగినప్పుడు, ఎక్కడివాళ్లక్కడ ఆగమని ఊదే కూత అది.

"ఫౌలు నాదిరా," అంది విజిల్ టీచర్, లేచి నిలబడి. "తిన్నది నేను."

కొడుకు నవ్వాడు. "మనవరాలిని వెనకేసుకురావడానికి నువ్వే దొరికావా అమ్మా? నువ్వు రొట్టె తినడమేమిటి!"

"నేను కడుపారా తింటుండగా ఎప్పుడైనా చూశావా?"

అతను ఆలోచించాడు. లేదు.

"అయితే చూడు."

ఆవిడ రొట్టె అందుకుంది. నిలబడే తిన్నది. ఒక ముక్క, దాని వెంట ఇంకొకటి. ఆత్రం లేదు, సిగ్గు లేదు. తినడం అనే పని తెలిసినవాళ్లు తిన్నట్టు తిన్నది. కొడుకు నవ్వు మెల్లిగా జారిపోయింది. సూట్‌కేసు చేతిలోనే ఉండిపోయింది. గొంతు పట్టేస్తుందని బంతి గ్లాసుతో నీళ్లు తెచ్చి నానమ్మ పక్కన పెట్టింది. అలవాటైన పనిలా.

రొట్టె అయిపోయింది. ఆవిడ చేతులు ఖాళీ బల్ల మీద ఇంకా తడుముతున్నాయి. "చూశావుగా. ఇప్పుడు కూడా చాలు అనిపించలేదు నాకు. దానికీ ఇంతే. నా చేత్తో నేనే ఇచ్చినట్టున్నాను, నీ ద్వారా."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "సరే అమ్మా. దొంగతనం దానిది కాదు. నేనే తప్పు. కానీ బరువు దానిదేగా? హాస్టల్‌కి పంపితే పోయేదేముంది? ఏడాదేగా. మంచి చోటని అందరూ అంటున్నారు."

"అందరికీ ఏం తెలుసురా!"

ఆ గొంతు తాళాలమ్మ ఎప్పుడూ వినలేదు. విజిల్ లేని గొంతు.

"ఆ చోటు నాకు తెలుసు. గేటు పచ్చరంగు. లోపలికి వెళ్లాక గేటు వెయ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి, అంత బరువు. ఇంతకుముందు ఒక పిల్లని నా చేత్తో పట్టుకెళ్లి నేనే దింపొచ్చాను. ఈ బీరువాకి మొదటి తాళం మీ నాన్న చేత వేయించింది దానికోసమే. నువ్వింకా నా కడుపులో ఉన్నావు."

సూట్‌కేసు నేలమీద పడింది. అతను వంగి తియ్యలేదు.

"ఏ పిల్లమ్మా?" అన్నాడు.

"నీ అక్కరా," అంది ఆవిడ. అడగాల్సిన ప్రశ్న బంతి అడిగింది, నానమ్మ చెయ్యి పట్టుకుని, చాలా మామూలుగా.

"ఆ పిల్ల మళ్లీ ఇంటికొచ్చిందా నానమ్మా?"

విజిల్ టీచర్ తల తిప్పి వీధి తలుపు వైపు చూసింది. ఇన్నేళ్లుగా, ఎవరెంత నవ్వినా, ఆ తలుపుకి లోపల గడియ ఎందుకు పెట్టనివ్వదో తాళాలమ్మకి అప్పుడు అర్థమైంది.